నాడె దాటేదాకా

ధర్మవరంలో నేతగాళ్ళ వీధిని లేపడానికి కోడి అవసరం లేదు. తెల్లవారకముందే ఒక ఇంట్లో మగ్గం మొదలవుతుంది. అది విని పక్కింటాయనకు రోషం పుడుతుంది, ఆయన తన మగ్గం గుంటలో దిగుతాడు. ఆయన్ని విని ఎదురింటాయన దిగుతాడు. ఎండ గడప తాకేసరికి వీధి వీధంతా టకటకలాడుతూ ఉంటుంది. అందరికంటే ముందు గుంటలో దిగేది మాత్రం తిప్పన్న. ఆ సంగతి ఆయన ఎక్కడా చెప్పుకోడు గానీ, ఎవరైనా చెబుతుంటే మాత్రం వద్దనడు.

పంతొమ్మిది వందల అరవై ఒకటి, ఎండలు ముదురుతున్న రోజులు. ఆ సోమవారం పొద్దున తిప్పన్న ఎవరింటిదో పెళ్ళి చీర నేస్తున్నాడు. పక్కన ఆయన భార్య చౌడక్క అంచు నాడె వేస్తోంది. ధర్మవరం పెద్దంచు చీరకు ఒక మనిషి చాలడు. చీర ఒడలి పోగును అటూ ఇటూ దాటించే నాడె ఒకరి చేతిలో, అంచు పోగు వేసే నాడె ఇంకొకరి చేతిలో ఉండాలి. ఆ రెండు నాడెలూ ఎదురెదురుగా వచ్చి, రెండు పోగులూ ఒకదాన్నొకటి పట్టుకుని, పైన పోగును బిగించే పలక దెబ్బ పడితేనే ఆ వరస నిలుస్తుంది. ఆ లోపల చేయి తడబడిందా, ఒడలి నుంచి అంచు విడిపోతుంది.

కోడలు నీలావతి వంటింటి గడపలో నిలబడి, పప్పులోకి చింతపండు వేసేదా మామిడికాయ వేసేదా అని అత్తను అడిగింది. జవాబు లేదు. చౌడక్క నాడె పోయింది, తిప్పన్న నాడె వచ్చింది, దెబ్బ పడింది. ఇంకొక వరస, ఇంకొక దెబ్బ. నీలావతి గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. అప్పుడు చౌడక్క తల ఎత్తకుండా, "మామిడికాయ" అంది.

పెళ్ళయి వచ్చిన కొత్తలో నీలావతి సరిగ్గా దీనికే ఏడ్చింది. ఆమెది హిందూపురం. ఆమె నాయన కుళ్ళాయప్పకు అక్కడి బజారులో బట్టలంగడి. కులం ఒకటే అయినా, వాళ్ళింట్లో మగ్గం మానేసి రెండు తరాలైంది. అంగడి ఇంటి పద్ధతి వేరు. గిరాకీ మెట్టు ఎక్కుతుండగానే రాండి, కూర్చోండి, ఏం చూపించేది అనాలి. తెలుగాయనైతే తెలుగులో, కన్నడం ఆయనైతే కన్నడంలో. అడిగినదానికి జవాబు రాలేదంటే ఆ ఇంట్లో దాని అర్థం ఒకటే, నువ్వంటే మాకు లెక్క లేదని. అట్లా పెరిగిన పిల్ల ఇక్కడికొచ్చి, ఏదడిగినా అందరూ గమ్మున మగ్గం వైపు చూస్తుంటే, తాను ఈ ఇంట్లో ఎవరికీ గిట్టలేదనుకుంది.

తరువాత్తరువాత తెలిసింది పద్ధతి. నాడె చేతిలోంచి వదిలాక నోరు తెరవకూడదు. అది అటు దాటి, దెబ్బ పడి, వరస నిలిచాకే మాట. ఈ ఇంట్లో నిదానంగా చెప్పిన జవాబే మర్యాద. అడిగిన మాట పూర్తికాకముందే ఎగిరి పలికేవాళ్ళను ఇక్కడ తలతిక్క మనుషులంటారు. నీలావతి కొన్నాళ్ళు ఆ పేరు కూడా మోసింది, పాపం. పైగా ఆ అలవాటు మగ్గంతో ఆగేది కాదు. మగ్గం ఆగి ఉన్నా, అన్నం దగ్గర కూర్చున్నా, బజారులో నిలబడ్డా వాళ్ళంతే.

ఆమె మొగుడు రామాంజినేయులైతే మరీను. వీధికి మొదటి బి.ఏ. అతను. అనంతపురం కాలేజీకి పోకముందు, చిన్నప్పటినుంచి ఎస్సెస్సెల్సీ దాకా నాయన పక్కన కూర్చుని అంచు నాడె వేసింది అతనే. కూరలో ఉప్పు సరిపోయిందా అని నీలావతి అడిగితే, కంచం వైపే చూస్తూ ఉండి ఉండి, ఆమె లేచి పోబోతుంటే అప్పుడు సరిపోయిందనేవాడు. మనిషి మంచివాడు. ఆ సరిపోయింది అనేటప్పుడు మొహంలో కనిపించే ఇష్టం కోసం నీలావతి ఎంతసేపైనా నిలబడేది. అందరూ అట్లా నిలబడరు కదా, వచ్చిన చిక్కంతా అదే.

బి.ఏ. ప్యాసై రెండేళ్ళు. ఉద్యోగం లేదు. అనంతపురం పోయొచ్చాడు, కర్నూలు పోయొచ్చాడు, పోయిన వారమే పెనుకొండ పోయొచ్చాడు. మార్కులు తక్కువా అంటే కాదు. అతనికంటే తక్కువ వచ్చినవాళ్ళు ఆఫీసుల్లో ఫ్యాను కింద కూర్చున్నారు. ఎందుకు రాలేదో తెలియకపోయేసరికి ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం పట్టుకున్నారు. తిప్పన్న సిఫార్సు లేకనే అన్నాడు. పెనుకొండలో ఒక పెద్దమనిషి ఉంటే తట్టెడు అరటిపండ్లు తీసుకుని పోయి కలిశాడు. పెద్దమనిషి పండ్లు తీసుకున్నాడు. చౌడక్క చొక్కా బాగలేదంది, కొత్తది కుట్టించింది. తిప్పన్న తల్లి ఈరక్కవ్వ దిష్టి అంది. వీధిలో మొదటి బి.ఏ. అయితే వీధిలో ఉన్న కళ్ళన్నీ వాడిమీదే కదా, అని రామాంజి దండచేతికి ఏదో తాయెత్తు కట్టింది. అది కొత్త చొక్కా చేయి కింద ఉబ్బెత్తుగా కనిపించి, కర్నూలులో ఒకాయన గాయమేమన్నా అయిందా అని అడిగాడట. ఇంటికొచ్చిన చుట్టాలు ఇంగ్లీషు యాస అన్నారు, నక్షత్రం అన్నారు, ఇల్లు కట్టిన దిక్కు అన్నారు. అందరూ చెప్పేవాళ్ళే. ఇంటర్వ్యూ కుర్చీలో కూర్చున్నప్పుడు నువ్వేం చేస్తావు నాయనా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇప్పుడు చేతిలో మిగిలింది ఒకటే పిలుపు. మైసూరు వైపు బ్యాంకు ఒకటి హిందూపురంలో బ్రాంచి తెరుస్తోంది. తెలుగూ కన్నడమూ రెండూ వచ్చిన గుమాస్తా కావాలన్నారు. నీలావతి పుణ్యమా అని రామాంజికి కన్నడం బాగానే పట్టుబడింది. ఇంటర్వ్యూ గురువారం. ఇది కూడా పోతే అల్లుణ్ణి మా అంగట్లో కూర్చోనీండి అని కుళ్ళాయప్ప కబురు పెట్టాడు. ఆయన మంచికే చెప్పాడు గానీ, నా కొడుకు బి.ఏ. చదివింది మామగారి అంగట్లో గుడ్డ చించడానికా అని తిప్పన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఆ సోమవారం సంగటి దగ్గర రామాంజి తల వంచుకుని కూర్చుని, "నేను హిందూపురం పోను నాయనా" అన్నాడు.

తిప్పన్న చేతిలో ముద్ద మింగాడు. నీళ్ళు తాగాడు. చెంబు కింద పెట్టి, ఎందుకు పోవని అడిగాడు.

రామాంజి ఎప్పటిలాగే కొంచెం ఆగాడు. "కుర్చీలో కూర్చోబెడతారు. నా మొహం చూస్తారు. పో అంటారు. ఇంగ నా చేత కాదు."

తిప్పన్నకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "అట్లయితే గుంటలో దిగు" అన్నాడు. "గురువారం రైలన్నా ఎక్కు, లేకుంటే శుక్రవారం నుంచి నా పక్కన కూర్చో. రెండిట్లో ఏదో ఒకటి చెయ్యి."

చౌడక్క చేతిలో గరిటె అట్లాగే నిలిచిపోయింది. కొడుకు చదువుకు పోయిన రోజు, వీడు ఇంక గుంటలో కాలు పెట్టకూడదని ఒట్టు పెట్టింది ఈ మనిషే. అప్పటినుంచి కొడుకు కూర్చునే చోట ఆమె కూర్చుంటోంది. కుడి భుజం పట్టేసి చేయి పైకి లేవని రోజు కూడా కూర్చుంది. ఆ కష్టమంతా ఏమైపోయినట్టు? ఆమెకు ఏడుపొచ్చింది. కొడుకు చూడకుండా కొంగుతో తుడుచుకుని, సంగటి ఇంకొంచెం వేసింది.

తిన్నాక రామాంజి పెరట్లోకి పోయి వేపచెట్టు నీడలో కూర్చున్నాడు. నీలావతి రాట్నం తెచ్చుకుని పక్కనే కండెలు చుట్టడం మొదలుపెట్టింది. ఊరికే ఉండలేక, పెనుకొండలో ఏం జరిగిందో చెప్పమంది. అతను అంతవరకూ ఎవరికీ వివరంగా చెప్పలేదు.

"జవాబు తెలీక కాదు నీలా" అన్నాడు. "నోటిదాకా వచ్చి ఉంటాది. అంతలో ఆయన ఇంకొకటి అడుగుతాడు. దానికి చెప్పబోయేలోపల పక్కాయన మూడోది అడుగుతాడు. తరువాత ఇద్దరూ మొహాలు చూసుకొని, సరే, నువ్వు పోవచ్చు అంటారు. నన్ను పలకనిస్తే కదా."

"కర్నూల్లో?"

అతను చెట్టు మొదలు వైపు చూశాడు. ఒక చీమ మొదలెక్కి కనబడకుండా పోయింది. "ఆడా అంతే" అన్నాడు.

నీలావతి చేతిలో రాట్నం ఆగిపోయింది. "ఇదో, ఒక మాట అడుగుతా, నిజం చెప్పండి. వాళ్ళు అడిగినాక మీరు ఎంతసేపటికి పలుకుతారు?"

రామాంజి ఆలోచించాడు. వేలితో నేలమీద గీత గీశాడు. గీతను చెరిపేశాడు. పక్కింటి మగ్గం మూడు నాలుగు దెబ్బలు కొట్టింది.

"వెంటనే చెప్తా" అన్నాడు.

నీలావతికి నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా ఆగలేదు. రామాంజికి మొహం ఎర్రబడింది. ఊరంతా నవ్వేది చాలక నువ్వు కూడానా అన్నట్టు చూసి, లేచి విసురుగా ఇంట్లోకి పోయాడు. అతను అట్లా పోగానే ఆమె నవ్వు ఎటో పోయింది. రెండేళ్ళుగా ఈ ఇంట్లో అందరూ వెదుకుతున్నది తన కళ్ళముందే ఉంది. దాన్ని పట్టుకోవడానికి తనకు తప్ప ఇంకెవరికీ వీలు లేదు. ఎందుకంటే మిగతా అందరూ అతని మాదిరే కదా, ఒకరి ఆలస్యం ఒకరికి కనబడదు.

ఆమె రాట్నం పక్కన పెట్టి, కొంగు సర్దుకుని మగ్గం గదిలోకి పోయింది. అంతవరకూ మామగారితో ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. గోడ వారగా ఈరక్కవ్వ వక్క దంచుకుంటోంది. రామాంజి కిటికీ దగ్గర వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. తిప్పన్న, చౌడక్క నేస్తున్నారు.

"మామా, ఈ చీర ఎవరింటి పెళ్ళికి?" అని అడిగింది నీలావతి.

నాడె పోయింది. వచ్చింది. దెబ్బ పడింది. మళ్ళీ పోయింది, మళ్ళీ పడింది. "కొత్తచెరువోళ్ళకు" అన్నాడు తిప్పన్న.

"నేనడిగి ఎంతసేపైందో చూసినారా మామా? మీ కొడుకు కూడా ఆ కుర్చీలో కూర్చొని ఇట్లే చేస్తాండాడు. మీరు నాడె దాటేదాకా ఆగుతారు. ఆయన నాడె లేకున్నా ఆగుతాడు. అంతలో వాళ్ళు ఈ అబ్బాయికి ఏమీ తెలీదనుకుంటారు. ఉద్యోగం రాకపోయేది అందుకే మామా. సిఫార్సు లేక కాదు, చొక్కా బాగలేక కాదు."

మగ్గం ఆగింది. తిప్పన్న నాడెను ఒళ్ళో పెట్టుకున్నాడు. నిన్న మొన్న వచ్చిన కోడలు మామకు ఎదురు నిలబడి నీతులు చెప్పడమా అని చౌడక్క గసిరింది. రామాంజి కిటికీ దగ్గర్నుంచి కదలలేదు.

"మా నాయన నాకు నేర్పినాడు, నేను వానికి నేర్పినా" అన్నాడు తిప్పన్న, ఇంకా తగ్గిన గొంతుతో. "నేర్పిన మర్యాదే నా కొడుకు నోట్లో మన్ను కొట్టిందంటావా అమ్మా?"

"మర్యాద తప్పని నేననలేదు మామా. అది మర్యాదని ఈ వీధిలో అందరికీ తెలుసు. ఆ కుర్చీల్లో కూర్చున్నోళ్ళకు తెలీదు." ఆమె అత్త వైపు తిరిగింది. "నాకే తెలీలేదు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, నేనంటే ఎవరికీ ఇష్టం లేదనుకొని రోజూ ఏడ్చినా. ఏమడిగినా ఒక్కరూ పలకరాయె. ఇంట్లో మనిషికే అట్లనిపిస్తే, బయటోళ్ళకు ఇంకెట్ల అనిపిస్తాది?"

ఇది ఎవరూ ఎదురుచూడని మాట. చౌడక్క తల ఎత్తి కోడలి మొహంలోకి చూసింది. ఏడ్చిందా ఈ పిల్ల? ఎప్పుడు? కొత్తలో కళ్ళు ఎర్రగా ఉంటే పొయ్యి పొగ అనుకుంది తను. ఊదుగొట్టం కూడా మార్పించింది.

రోలు పక్కనుంచి ఈరక్కవ్వ అప్పుడు నోరు విప్పింది. చిన్నప్పుడు రామాంజి ఒక్క ఘడియ నోరు మూసుకునే పిల్లోడు కాదట. కాకిని చూస్తే కాకితో, కుక్కను చూస్తే కుక్కతో మాట్లాడేవాడట. అంచు నాడె పట్టిన కొత్తలో వీధిలో ఎవరో పిలిస్తే, నాడె మధ్యలో ఉండగా ఓ అని పలికాడు. అంచు జానెడు విడిపోయింది. అప్పుడు తిప్పన్న వాడి వీపున ఒకటి వేశాడు. "ఆ పొద్దు మూసినాడు నోరు" అంది ముసలామె. "మంచి బుద్ధొచ్చిందని మనమంతా సంతోషపడితిమి."

తిప్పన్న నాడెను ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాడు. గుంటలోంచి లేచి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. మధ్యాహ్నం కూడా మగ్గం ఎక్కలేదు. తిప్పన్న మగ్గం వినబడకపోయేసరికి వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఇంట్లో ఎవరికి బాగలేదని అడిగి పోయారు. రామాంజి నీలావతితో మాట్లాడలేదు. అందరి ముందూ తన పరువు తీసిందని అతని కోపం. తీసింది నిజమే, అందుకు ఆమెకూ బాధగానే ఉంది. అయినా చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

దీపాలు పెట్టే వేళకు తిప్పన్న తిరిగొచ్చాడు. చెరువు కట్ట మీద కూర్చుని వచ్చాడట. కాళ్ళు కడుక్కుని కొడుకు దగ్గరికొచ్చి, రేపు పొద్దున నా పక్కన కూర్చో, అంచు నాడె నువ్వే వెయ్యాల అన్నాడు. శుక్రవారం దాకా కూడా ఆగలేదు ఈ మనిషి, అంతా అయిపోయింది అనుకున్నారు ఇంట్లో అందరూ.

మంగళవారం పొద్దున రామాంజి గుంటలో దిగాడు. అన్నేళ్ళ తరువాత కూడా చేయి మరిచిపోలేదు. రెండు మూడు వరసలు తండ్రీ కొడుకులు మాట లేకుండా నేశారు. నాలుగో వరసలో, నాడె రెండు పోగుల మధ్య పరుగెత్తుతుండగా, తిప్పన్న ఎప్పుడూ చేయని పని చేశాడు. నోరు తెరిచాడు.

"రామాంజీ, నీ పూర్తి పేరేమి?"

రామాంజి బిత్తరపోయాడు. నాడె దాటింది, దెబ్బ పడింది. "రామాంజినేయులు."

"అట్ల కాదు. దెబ్బకు ముందు పలుకు."

"అంచు విడిపోతాది నాయనా."

"విడిపోనీ" అన్నాడు తిప్పన్న. "పెళ్ళి చీర అయితేనేమి, విడిపోనీ. నేను కొట్టను. పలుకు."

ఆ మాట అంటుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రామాంజి చూశాడు. నాయన కళ్ళలో నీళ్ళు చూడటం అతనికి అదే మొదలు. తరువాతి వరసలో, నీ ఊరేదని తండ్రి అడిగితే, నాడె మధ్యలో ఉండగానే "ధర్మవరం" అని అరిచాడు. ఎంత గట్టిగా అరిచాడంటే ఎదురింటి మగ్గం ఒక్క క్షణం ఆగింది. వంగి చూసుకున్నారు ఇద్దరూ. అంచు విడిపోలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

ఇంక చూడాలి ఆ ఇంటి సంబరం. బుధవారం సాయంత్రం దాకా ప్రశ్నలే ప్రశ్నలు. నీలావతి ముక్కాలి పీట వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని దొర మాదిరి కూర్చుని కన్నడంలో అడిగింది. ఆ కాలు చూసి చౌడక్క కసురుకోబోయి, పోనీలే దొరసాని కదా అని నవ్వేసింది. ఈరక్కవ్వకు ప్రశ్నలు తెలియవు, నా వక్క సంచి యాడుండాది అనేదే మళ్ళీ మళ్ళీ అడిగింది. వీధిలో పోయేవాళ్ళు కూడా తొంగిచూసి ఒకటి విసిరి పోయేవాళ్ళు. చౌడక్క మాత్రం ఎంత ఆలోచించినా, "ఆకలేస్తాందా నాయనా" అని తప్ప ఏమీ అడగలేకపోయింది. దానికి అన్నింటికంటే బిన్నా, అడిగీ అడగకముందే జవాబొచ్చేది.

తెలియనిది అడిగితే ఎట్లా అని రామాంజికి ఒక దిగులు మిగిలింది. నీలావతి దానికి అంగడి పద్ధతి చెప్పింది. గిరాకీ అడిగిన గుడ్డ మన దగ్గర లేకపోతే, సుమ్నే, ఊరికే, బీరువా వైపు చూస్తూ నిలబడితే ఆయన దిగిపోతాడు. లేదు, రేపటికి తెప్పిస్తా అని వెంటనే అంటే రేపు మళ్ళీ వస్తాడు. ఉన్నదానికంటే లేనిదానికే తొందరగా పలకాల, అంది. ఆ మాటకు రామాంజి ఆమె వైపు చూసి నవ్వాడు. పెరట్లో మొదలైన కోపం అక్కడితో పోయింది.

గురువారం పొద్దుటి ప్యాసింజరు ఎక్కారు ఇద్దరూ. దారి పొడవునా నీలావతి ఊరుకోలేదు. ఆ కనబడేదేమి, ఈ స్టేషనేది, ఇంకెంత దూరం అని అడుగుతూనే ఉంది. ఎదురు బల్ల మీద కూర్చున్న ఆయన, ఈ అమ్మకు ఏమీ తెలియదు పాపం అనుకుని, తనే జవాబులు చెప్పబోయాడు. పెనుకొండలో బండి ఆగినప్పుడు కిటికీలోంచి కొండమీద కోట గోడ కనబడింది, పోయిన వారం తల వంచుకుని దిగి ఎక్కిన ప్లాట్‌ఫారమూ కనబడింది. రామాంజి మొహం కొంచెం వాడింది. అంతలో వడలమ్మే మనిషి కిటికీ దగ్గరికొచ్చి, "వేడి వడ..." అన్నాడో లేదో, "రెండియ్యప్పా" అనేశాడు. నీలావతి కడుపు పట్టుకుని నవ్వింది. ఈసారి రామాంజి కూడా నవ్వాడు.

ఇంటర్వ్యూలో ఇద్దరు కూర్చున్నారు. పేరడిగారు, చెప్పాడు. చదువడిగారు, చెప్పాడు. కన్నడంలో అడిగితే కన్నడంలో చెప్పాడు. బ్యాంకు లెక్కల మాట ఏదో అడిగితే, "తెలీదు సార్, నేర్చుకుంటాను" అని వెంటనే అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పుడు పెద్దాయన కళ్ళజోడు తీసి, నేత ఇంట్లో పుట్టినవాడివి, కౌంటరు దగ్గర పదిమంది ఒకేసారి అరిస్తే తట్టుకుంటావా అన్నాడు. రామాంజి తల వంగింది. చూపు బల్లమీదికి పోయింది. పాత అలవాటు రెండు రోజుల్లో పోతుందా? బల్ల కింద అతని కుడికాలు మగ్గం తొక్కుడుపలక కోసం వెదికింది. అక్కడ పలక లేదు, ఉత్త గచ్చు తగిలింది. అతను తల ఎత్తాడు. "మా వీధిలో ఇంటికొక మగ్గం సార్. ఆ చప్పుడులోనే ఎస్సెస్సెల్సీ చదివినా" అన్నాడు. ఒకటో తేదీ వచ్చి చేరమన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం బండికి ధర్మవరం తిరిగొచ్చారు. స్టేషను నుంచి ఇంటిదాకా రామాంజి దాదాపు పరుగెత్తాడు, నీలావతి వెనకాల పడింది. ఇంట్లో మగ్గం ఆడుతోంది. తిప్పన్న గుంటలో, చౌడక్క అంచు దగ్గర. గడపలో నిలబడి రామాంజి, "నాయనా, ఉద్యోగమొచ్చింది" అన్నాడు.

అప్పుడే నాడె తిప్పన్న చేతిలోంచి వదిలింది. నీలావతికి ఈ ఇల్లు అలవాటైపోయింది కదా, దెబ్బ పడేదాకా ఆగడానికి గోడకు ఆనుకోబోయింది.

"వచ్చిందా నాయనా!" అన్నాడు తిప్పన్న.

మాట ముందొచ్చింది, మనిషి తరువాత లేచాడు. నాడెను పట్టుకోవలసిన చేయి అక్కడ లేదు, అది పోయి గుంటలో పడింది. చౌడక్క నాడె ఎదురుగా రావలసిన పోగు దొరక్క ఎటో పోయింది. ఎవరూ చూడలేదు. తిప్పన్న కొడుకు రెండు చేతులూ పట్టుకుని నిలబడ్డాడు. ఈరక్కవ్వ నేను కట్టిన తాయెత్తు మహిమ అంది. ఎవరూ కాదనలేదు. చౌడక్క కొడుకు దగ్గరికి పోలేదు, ముందు కోడలి దగ్గరికొచ్చింది. ఆమె తల దగ్గరికి తీసుకుని, "నీ కండ్లల్లో నీళ్ళు నాకు కనపడకపాయె గదమ్మా" అని ఏడ్చింది. నీలావతి కూడా ఏడ్చింది. ఇద్దరూ ఏడుస్తుంటే రామాంజి వంటింట్లోకి పోయి నీళ్ళు తెచ్చిచ్చాడు.

అంతా సద్దుమణిగాక చౌడక్క మగ్గం దగ్గరికి పోయి గుండె మీద చేయి వేసుకుంది. అంచు వేలెడు విడిపోయి ఉంది. తిప్పన్న చేతి చీరకు ఆయన పెద్దవాడైనాక తప్పు పడటం ఎవరూ ఎరుగరు. ఊడదీసి మళ్ళీ నేద్దాం, పెళ్ళి చీర కదా అంది. తిప్పన్న వంగి ఆ చోటును వేలితో తడిమి చూశాడు. చాలాసేపు పలకలేదు. అందరూ ఎదురుచూశారు.

"వద్దు" అన్నాడు చివరికి. కొత్తచెరువోళ్ళకు ఇంకొకటి నేస్తానన్నాడు. "ఈ చీర మన నీలావతికి."

ఒకటో తేదీకి ముందే హిందూపురంలో చిన్న ఇల్లు చూసుకుని కాపురం పెట్టారు. రామాంజి బ్యాంకులో చేరిన రోజు నీలావతి ఆ చీర కట్టుకుని పుట్టింటికి పోయింది. వాళ్ళమ్మ బట్టలంగడి మనిషి, చీర కనబడితే ఊరుకుంటుందా, కొంగు పట్టుకుని అంచు వెంబడి వేలు పోనిచ్చింది. వేలు ఒకచోట ఆగింది.

"ఏమే నీలా, మీ మామ చేతిలో ఇట్లాంటి తప్పు ఎట్ల పడింది?"

అడిగే మాట పూర్తికాకముందే జవాబు చెప్పే పిల్ల నీలావతి. ఆ పొద్దు ఆమె వెంటనే పలకలేదు. విడిపోయిన అంచు మీద బొటనవేలు పెట్టి నిమురుతూ కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది. వాళ్ళమ్మ ఏమైందే అని కంగారు పడిపోయాక, అప్పుడు చెప్పింది.

"మా మామ దెబ్బ పడేదాకా ఆగలేకపోయినాడమ్మా."